కంపెనీ నివేదికల్లోని పచ్చపూతను భాషా సాంకేతికతతో పట్టుకోవడం: నాగావళి, వంశధార ఒడ్డుల నుంచి ఒక ప్రయత్నం

బరంపురం_విశ్లేషకురాలు

అందరికీ నమస్కారం. నేను పుట్టి పెరిగింది ఒడిశాలోని రాయగడలో, ప్రస్తుతం ఉద్యోగం బరంపురంలో. పెద్ద పెద్ద పత్రాల్లోంచి కావలసిన సమాచారాన్ని కంప్యూటరు చేత ఏరించడం నా వృత్తి. కొన్ని నెలలుగా సెలవు రోజుల్లో అదే పనిముట్టుతో మన ప్రాంతంలో కర్మాగారాలున్న కంపెనీల వార్షిక నివేదికలను, ముఖ్యంగా వాటిలో పర్యావరణం గురించి రాసిన పేజీలను చదివిస్తున్నాను. ఒంటరిగా చేయగలిగినంత చేశాను. ఇక్కడి నుంచి ముందుకు పోవాలంటే నాగావళి, వంశధార ఒడ్డున బతికిన వారి సాయం కావాలి గనుక ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

చేయని మేలును చేసినట్టు, చేసిన కాస్త మేలును కొండంత చేసి చూపించుకోవడాన్ని గ్రీన్‌వాషింగ్ అంటున్నారు. వాడిన తువ్వాళ్లనే మళ్లీ వాడి ప్రకృతిని కాపాడమని అతిథులను కోరే హోటళ్ల తీరును విమర్శిస్తూ 1986లో జే వెస్టర్‌వెల్డ్ అనే అమెరికన్ పర్యావరణవేత్త ఈ మాటను వాడుకలోకి తెచ్చారు. మన జయపురం మాస్టారు గారు దీనిని ‘పచ్చపూత’ అంటారు. ఇక మీదట నేనూ ఆ మాటే వాడతాను.

మన దేశంలో ఈ పరిశీలనకు వీలు కల్పించినది స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2021 మేలో తెచ్చిన బీఆర్‌ఎస్‌ఆర్, అంటే వ్యాపార బాధ్యత, సుస్థిరతల నివేదిక. మార్కెట్ విలువను బట్టి మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు 2022-23 ఆర్థిక సంవత్సరం నుంచి దీనిని తప్పనిసరిగా సమర్పించాలి. అందరికీ ఒకే ప్రశ్నలు, ఒకే వరుస. తొమ్మిది సూత్రాల్లో ఆరవది పర్యావరణానికి సంబంధించినది. ఎంత నీరు ఏ వనరు నుంచి తీసుకున్నారు, ఎంత వదిలారు, ఎంత ఇంధనం కాల్చారు, వ్యర్థాలను ఏం చేశారు అన్న వివరాలన్నీ అక్కడ ఉంటాయి. ఒక కంపెనీ నిరుడు చెప్పినదాన్ని ఈ ఏడు చెప్పినదానితో వాక్యం పక్కన వాక్యం పెట్టి చూడటం మనుషులకు విసుగు పుట్టించే పని. కంప్యూటరుకు ఆ విసుగు లేదు.

నేను చేస్తున్నది ఇది. నివేదికను వాక్యాలుగా విడగొట్టి, పర్యావరణం గురించి గొప్పగా చెప్పుకున్న ప్రతి వాక్యాన్నీ నాలుగు ప్రశ్నలు అడిగిస్తున్నాను: అంకె ఉందా, సంవత్సరం ఉందా, ఊరు లేదా కర్మాగారం పేరు ఉందా, దేనితో పోల్చి చెబుతున్నారో ఉందా. ‘మా సంస్థ జల సంరక్షణకు కట్టుబడి ఉండి, నదీ పరివాహక ప్రాంతంలో సుస్థిర విధానాలను అనుసరిస్తోంది’ అన్న తరహా వాక్యానికి నాలుగూ లేవు. (ఇది నేను ఉదాహరణకు కట్టిన వాక్యమే, ఏ ఒక్క కంపెనీదీ కాదు.) అదే ఒక కర్మాగారం పేరు చెప్పి, ఈ ఏడు నది నుంచి ఇన్ని కిలోలీటర్లు తీసుకున్నాము, నిరుడు ఇన్ని, తేడాకు కారణం ఫలానా అని రాస్తే నాలుగూ ఉన్నట్టు.

చిక్కు ఎక్కడంటే, వాక్యం డొల్లగా ఉందని యంత్రం చెప్పగలదు గానీ అది అబద్ధమని చెప్పలేదు. అంకెలన్నీ నిండుగా ఉన్న వాక్యం కూడా అబద్ధం కావచ్చు. వాక్యాలకు గుర్తులు పెట్టే పనిలో, అంటే లేబుళ్లు వేయడంలో, కర్మాగారం లోపలి పని తెలిసిన వారు, ఒడియా పత్రాలు చదవగలిగిన వారు సాయం చేయగలరా?

పర్లాకిమిడి_విద్యార్థి

అక్కా, నేను ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. మీరు ఏ భాషా మోడల్‌తో, అంటే రాతను చదవడానికి శిక్షణ ఇచ్చిన ఏ ప్రోగ్రాముతో మొదలుపెట్టారు? 2021లో వచ్చిన క్లైమేట్‌బర్ట్‌ను నేను కొద్దిగా వాడి చూశాను. సాధారణ భాషా మోడల్‌కు వాతావరణ మార్పుకు సంబంధించిన వార్తలు, పరిశోధన వ్యాసాలు, కంపెనీ నివేదికల నుంచి తీసిన 20 లక్షలకు పైగా పేరాలతో అదనపు శిక్షణ ఇచ్చి దానిని తయారుచేశారు. ఒక పేరా నిర్దిష్టంగా ఉందా డొల్లగా ఉందా, అందులో హామీ గానీ చర్య గానీ ఉందా అని వేరు చేసే చిన్న మోడళ్లు కూడా దాని ఆధారంగా వచ్చాయి. ఆ పరిశోధకులే వాతావరణ నష్టభయాలను వెల్లడిస్తామని ముందుకొచ్చిన కంపెనీల నివేదికలను చదివించి, ఆ మద్దతు చాలావరకు మాటలకే పరిమితమైందనీ, కంపెనీలు తమకు ఇబ్బంది లేని విషయాలనే ఏరి చెబుతున్నాయనీ 2022లో ప్రచురించారు.

అయితే అది ఇంగ్లిషు మోడల్. బీఆర్‌ఎస్‌ఆర్‌కు సరిపోతుంది గానీ ఒడియాలో, తెలుగులో వచ్చే ప్రజాభిప్రాయ సేకరణ పత్రాలకు సరిపోదు.

బరంపురం_విశ్లేషకురాలు

అవును తమ్ముడూ, నేను మొదలుపెట్టింది దానితోనే. ఇంగ్లిషు నివేదికల వరకు బాగానే నడిచింది. నాకు అసలు శ్రమ అయినది మోడల్ దగ్గర కాదు, అంతకు ముందు మెట్టులో, పీడీఎఫ్ దగ్గర. పట్టికలోని అంకె ఒకచోట, దాని శీర్షిక మరొకచోట పడిపోతాయి. రెండు నిలువు వరుసల్లో అచ్చువేసిన పేజీలో ఎడమ వాక్యం సగం, కుడి వాక్యం సగం కలిసిపోతాయి. అలా అతుక్కున్న వాక్యాన్ని చదివి యంత్రం ఎంత చక్కని తీర్పు ఇచ్చినా అది పనికిరాదు. అదృష్టవశాత్తు బీఆర్‌ఎస్‌ఆర్‌ను ఎక్స్‌బీఆర్‌ఎల్ అనే, కంప్యూటరు నేరుగా చదవగలిగే రూపంలో కూడా సమర్పిస్తారు కనుక అంకెలను అక్కడి నుంచి, వాక్యాలను పీడీఎఫ్ నుంచి తీసుకుంటున్నాను.

నాగావళి_గట్టు

అమ్మా, నేను ముప్పై ఏళ్లకు పైగా ఒక కాగితపు మిల్లు ప్రయోగశాలలో పనిచేసి పదవీ విరమణ చేశాను. మిల్లు పేరు ఇక్కడ అనవసరం. మీ నాలుగు ప్రశ్నలు మంచివే. నేను వాటికి ఐదవది చేర్చమంటాను: ఆ అంకెను దేనితో భాగించారు?

ఇది ఎందుకు అడుగుతున్నానో వివరంగా చెబుతాను. టన్ను కాగితానికి నీటి వాడకం 10 శాతం తగ్గిందని నివేదికలో రాశారనుకోండి. అంకె ఉంది, సంవత్సరం ఉంది, పోలిక ఉంది. మీ యంత్రం దీనికి మంచి మార్కులు వేస్తుంది. అదే ఏడాది ఉత్పత్తి 30 శాతం పెరిగి ఉంటే 0.9ను 1.3తో గుణించి చూడండి, 1.17 వస్తుంది. అంటే నది నుంచి తోడిన నీరు 17 శాతం పెరిగింది. నివేదికలోని వాక్యం నిజమే, నది ఒడ్డున ఉన్నవాడు చూస్తున్నదీ నిజమే. బీఆర్‌ఎస్‌ఆర్‌లో ఇంకొక మెలిక ఉంది. అక్కడ నీటిని, ఇంధనాన్ని రూపాయి టర్నోవరుతో భాగించి చూపమంటారు. కాగితం ధర పెరిగిన ఏడాది ఒక్క చుక్క నీరు ఆదా చేయకపోయినా ఆ భాగఫలం తగ్గిపోతుంది. 2023లో బీఆర్‌ఎస్‌ఆర్ కోర్ (ఆ నివేదికలోని ముఖ్య సూచికల జాబితా) వచ్చినప్పుడు ఉత్పత్తి పరిమాణంతో భాగించిన అంకెను కూడా అడిగారు కాబట్టి ఇప్పుడు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడవచ్చు. ఒకటి తగ్గి రెండవది తగ్గకపోతే అక్కడ ఆగి చదవమని మీ యంత్రానికి నేర్పండి.

రెండవ సంగతి నమూనాలది. బీఓడీ పరీక్ష అంటే నీటిలోని సేంద్రియ మలినాన్ని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు ఎంత ఆక్సిజన్ తినేస్తాయో కొలవడం. మన దేశంలో నమూనాను సీసాలో నింపి, గాలి బుడగ లేకుండా మూతపెట్టి, 27 డిగ్రీల వద్ద మూడు రోజులు చీకట్లో ఉంచుతాము. నదిలోకి వదిలే నీటికి సాధారణ ప్రమాణం లీటరుకు 30 మిల్లీగ్రాములు. సీఓడీకి, అంటే మలినాన్ని రసాయనంతో ఆక్సీకరించడానికి పట్టే ఆక్సిజన్‌కు 250, తేలాడే మడ్డికి 100. సీసాలో మూడు రోజుల తర్వాత వచ్చే అంకె, నమూనాను ఏ గంటలో ముంచారన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. జీర్ణకుండంలో ఉడికిన గుజ్జును కడిగినప్పుడు వచ్చే నల్లటి ద్రావకం ఎక్కడైనా పొర్లిన రోజున మురుగు కాలువలో నీరు కాఫీ డికాషన్‌లా ఉంటుంది. మరునాడు పొద్దున్నే ముంచిన నమూనాలో ఆ జాడ ఉండకపోవచ్చు. నివేదికలో ‘సగటున ప్రమాణాలకు లోబడి’ అని కనబడితే, ఎన్ని నమూనాల సగటు, ఏ వేళ తీసినవి అని అడగాలి. ‘సగటున’ అన్న మాటను మీ యంత్రం ప్రత్యేకంగా గుర్తుపట్టాలని నా మనవి.

గుణుపురం_రైతు

నేను చదువుకున్నది తక్కువ, అయినా ఒక విషయం చెప్పాలని రాస్తున్నాను. మా వైపు కాగితపు కంపెనీల కోసం జామాయిల్, సరుగుడు వేస్తాము. నాకున్న మెట్ట మూడు ఎకరాలలో జామాయిల్ క్లోన్ మొక్కలు నాటాను. మొక్కలు నా డబ్బుతో కొన్నాను, దుక్కి నాదే, నీళ్లు మోసినది మా ఇంటివాళ్లే. ఆ ఏడాది వాన మధ్యలో ముఖం చాటేసి, మెరకలో ఉన్న ఎకరం దాదాపు పూర్తిగా పోయింది. తర్వాత ఒకరోజు మా అబ్బాయి ఫోనులో ఒక కంపెనీ పుస్తకం చూపించాడు. ఈ ప్రాంతంలో కంపెనీ ఇన్ని లక్షల మొక్కలు నాటి పచ్చదనం పెంచిందని అందులో ఉంది. ఎండిపోయిన నా ఎకరం మొక్కలు కూడా ఆ లెక్కలోనే ఉన్నాయో లేవో నాకు తెలిసే దారి లేదు.

బతికిన మొక్కలను కూడా నాలుగైదు సంవత్సరాలకు నరికి, బెరడు ఒలిచి లారీకి ఎత్తుతాము. మోడు నుంచి పిలకలు వస్తే ఇంకొక కోత వస్తుంది. ఇది పంట. వరిని కోసినట్టే దీనినీ కోస్తాము. దీనిని అడవి అని రాయడం సరికాదని నా అభిప్రాయం. మీ కంప్యూటరు ‘నాటాము’ అన్న మాట చూసినప్పుడల్లా ‘బతికినవి ఎన్ని, నరికినవి ఎన్ని’ అని వెతకగలదా అమ్మా?

బరంపురం_విశ్లేషకురాలు

వెతకగలదు బాబాయ్ గారూ, ఈ రాత్రికే చేరుస్తాను. మీరు అడిగినదాన్ని నేను ఇన్నాళ్లూ ఆలోచించనందుకు బాధగా ఉంది. ‘నాటాము’ అన్న క్రియ ఉన్న ప్రతి వాక్యానికీ చుట్టూ ఉన్న పేజీలో బతికిన శాతం, కోత, భూమి ఎవరిది అన్న మూడు అంశాలు ఉన్నాయేమో చూడటం కష్టమైన పని కాదు. లేకపోతే ‘జత దొరకలేదు’ అని గుర్తు పెడుతుంది. పచ్చపూతలో పెద్ద భాగం రాసిన వాక్యంలో ఉండదు, దాని పక్కన ఉండవలసిన వాక్యం లేకపోవడంలో ఉంటుంది. ఏ మాటకు ఏ మాట జతగా ఉండాలో మీలాంటి వారు చెబితేనే తెలుస్తుంది.

కోరాపుట్_ఆడిట్

నేను వృత్తిరీత్యా చార్టర్డ్ అకౌంటెంటును. ఈ ప్రయత్నం మంచిదే గానీ కొన్ని హెచ్చరికలు చేయకుండా ఉండలేను.

మొదటిది, డొల్ల వాక్యం రాసిన ప్రతి కంపెనీనీ మోసగాడిగా చూడకూడదు. చిన్న కంపెనీలో ఈ నివేదిక రాసేది చాలాసార్లు కంపెనీ సెక్రటరీ ఒక్కరే. నిరుటి పేరాను ఈ ఏటికి మార్చి అతికిస్తారు. పెద్ద కంపెనీకి నివేదిక రాసిపెట్టే సలహా సంస్థలు ఉంటాయి. మీ నాలుగు ప్రశ్నల ప్రకారం సలహా సంస్థకు డబ్బు పెట్టగలిగిన వాడికి మంచి మార్కులు, నిజాయతీగా నడుస్తూ రాయడం చేతకాని వాడికి చెడ్డ మార్కులు వచ్చే ప్రమాదం ఉంది.

రెండవది, కంపెనీలు ఇలాంటి యంత్రాలు తమను చదువుతున్నాయని తెలుసుకుంటే యంత్రానికి నచ్చేలా రాస్తాయి. ప్రతి వాక్యానికీ ఒక అంకె తగిలిస్తారు. నేను చూసిన మేరకు ఇప్పటికే ఆ ధోరణి మొదలైంది.

మూడవది చట్టం. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో పచ్చపూత ప్రకటనల నియంత్రణకు మార్గదర్శకాలు తెచ్చింది. పర్యావరణహితం, పచ్చని, సహజ వంటి మాటలు వాడితే తగిన వివరణ, ఆధారం చూపాలి. అయితే అవి ప్రధానంగా వస్తువులు, సేవల ప్రకటనల కోసం. సంస్థ తన ఆశయాల గురించి మొత్తంగా చెప్పుకునే మాటలు వాటి పరిధిలోకి సులువుగా రావు. కనుక మీ యంత్రం ఇచ్చిన మార్కులను కంపెనీ పేరుతో బయట పెట్టవద్దని నా సలహా. ప్రశ్నలు అడగండి, తీర్పులు ప్రకటించకండి.

నాగావళి_గట్టు

ఆడిట్ గారి మాటను గౌరవిస్తాను, ముఖ్యంగా మూడవదాన్ని. రెండవదానికి నా జవాబు ఒకటుంది. ప్రతి వాక్యానికీ అంకె తగిలించడం మొదలుపెడితే మనకు మేలే. అంకె రాశాక దానిని పట్టుకోవడానికి వేరే కాగితాలు ఉన్నాయి. ‘కట్టుబడి ఉన్నాము’ అన్న మాటను తూకం వేయడానికి ఎక్కడా తక్కెడ లేదు.

ఆ కాగితాలేమిటో చెబుతాను. పర్యావరణ అనుమతి పొందిన ప్రతి ప్రాజెక్టూ, 2006 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం, షరతులను ఎలా పాటిస్తున్నదో ఏటా జూన్ 1కి, డిసెంబరు 1కి రెండుసార్లు నివేదించాలి. అది కాక ఏటా సెప్టెంబరు 30 లోగా ఫారం 5 అనే పర్యావరణ ప్రకటనను రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి ఇవ్వాలి. ఎంత నీరు, ఎంత ముడిసరుకు వాడారు, ఎంత కాలుష్యం వదిలారు, ప్రమాణంతో తేడా ఎంత అన్నవి అందులో ఉంటాయి. ఇంకా, కాగితం, అల్యూమినియం, థర్మల్ విద్యుత్తు వంటి 17 రకాల అధిక కాలుష్య పరిశ్రమలు కాలువలో, పొగగొట్టంలో ఆన్‌లైన్ మీటర్లు పెట్టాలని కేంద్ర మండలి 2014లో ఆదేశించింది. ఒకే కర్మాగారం గురించి వాటాదారుకు ఒక మాట, మంత్రిత్వ శాఖకు ఒక మాట, మండలికి ఒక మాట, మీటరుకు ఒక మాట. ఈ నాలుగింటినీ ఒక్క బల్ల మీద పరచి చదివిన వారిని నా ఉద్యోగ జీవితంలో నేను చూడలేదు. మీ యంత్రం చేయవలసిన పని అదేనని నాకు అనిపిస్తోంది.

పర్లాకిమిడి_విద్యార్థి

తాతగారూ, మీరు చెప్పినదానికి మా పాఠాల్లో సరిగ్గా సరిపోయే పద్ధతి ఉంది. ఒక దావా వాక్యాన్ని (అంటే ఫలానాది నిజమని చెప్పుకునే వాక్యాన్ని), ఒక ఆధార వాక్యాన్ని జతగా ఇచ్చి, ఆధారం దావాను బలపరుస్తోందా, ఖండిస్తోందా, లేక చాలదా అని మోడల్‌ను అడుగుతారు. వాతావరణ విషయాల కోసం 2020లో 1,535 దావాలతో క్లైమేట్-ఫీవర్ అనే సమాహారాన్ని కూడా తయారుచేశారు. అక్కడ ఆధారాలు వికీపీడియా నుంచి తీసుకున్నారు. మన దగ్గర జూన్ ఒకటి నాటి నివేదికే ఆధారం అవుతుంది.

ఒక్క జాగ్రత్త చెప్పాలి. ఈ పనికి సంభాషణ మోడళ్లను నేరుగా వాడితే, అవి లేని పేజీ సంఖ్యను కూడా ఉన్నట్టు ధీమాగా చెబుతాయి. నాకు రెండుసార్లు అలా జరిగింది. మూలంలోని వాక్యాన్ని అక్షరం మార్చకుండా తీసి చూపిస్తేనే ఫలితాన్ని అంగీకరించాలని, ఆ వాక్యం నిజంగా ఆ పేజీలో ఉందో లేదో మామూలు ప్రోగ్రాము చేత సరిచూపించాలని నా మనవి.

బల్లార్షా_కార్మికుడు

మా కుటుంబం మూడు తరాల క్రితం కరీంనగర్ వైపు నుంచి బొగ్గు గనుల పనికి వచ్చి మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో స్థిరపడింది. మీ చర్చ ఒడిశా వైపుదైనా మా కష్టం అదే కనుక రాస్తున్నాను.

2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పారిశ్రామిక ప్రాంతాలకు కాలుష్య సూచీ కట్టినప్పుడు చంద్రపూర్‌కు 83.88 వచ్చింది. కాలుష్యంలో దేశంలో నాలుగవ స్థానం. ఇక్కడి బొగ్గు, సిమెంటు, విద్యుత్తు సంస్థల నివేదికలను చదివేటప్పుడు ఒక మాట దగ్గర జాగ్రత్తగా ఉండండి. అది ‘వినియోగం’. బూడిదను నూరు శాతం వినియోగించాము అని రాస్తే, చదివిన వాడు ఇటుకలు, సిమెంటు అనుకుంటాడు. పల్లపు భూమిని నింపడం, తవ్వి వదిలేసిన గనిలో పోయడం కూడా నిబంధనల ప్రకారం వినియోగంలోకే వస్తాయి. అవి తప్పు పనులని నేను అనడం లేదు, సరిగ్గా చేస్తే మంచివే. కానీ మా ఇంటి వెనుక పల్లంలో బూడిద పోసిన ఏడాది, వేసవి గాలికి అన్నం గిన్నె మీద మూత తీస్తే చాలు, వేలితో గీత గీయగలిగినంత పొడి పడేది. నివేదికలో అది కూడా ‘వినియోగం’ కిందే కలిసిపోతుంది. ఆ మాట కనబడితే, ఎంత ఇటుకకు, ఎంత సిమెంటుకు, ఎంత పల్లానికి అని విడగొట్టిన లెక్క ఉందో లేదో చూడమని మీ యంత్రానికి చెప్పండి.

జయపురం_మాస్టారు

ఇంతవరకు అందరూ అంకెల గురించే రాశారు. నేను భాష గురించి రాస్తాను, ఎందుకంటే నలభై ఏళ్లు పిల్లలకు తెలుగు చెప్పి, ఒడియా తెలుగు పత్రాలను అటూ ఇటూ అనువదించిన వాడిని.

ప్రజాభిప్రాయ సేకరణకు ముందు ప్రాజెక్టు సారాంశాన్ని స్థానిక భాషలో కూడా ఇవ్వాలని 2006 నోటిఫికేషన్ చెబుతోంది. మన జిల్లాలలో అది ఒడియాలో వస్తుంది. సరిహద్దు దాటితే తెలుగులో వస్తుంది. రెండింటినీ నేను చదివాను. తెలుగు సారాంశంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ‘జరిగింది’ అన్న చిన్న క్రియ. ‘మొక్కలు నాటడం జరిగింది’, ‘తగు చర్యలు చేపట్టడం జరుగుతుంది’, ‘సాధ్యమైనంత మేరకు నియంత్రించడం జరుగుతుంది’. నాటినది ఎవరు, చర్య తీసుకునేది ఎవరు, ఏ మేరకు? తెలుగులో కర్తను చెప్పకుండా వాక్యం నడపడం సహజమే, కానీ అక్కడ క్రియ చివరన కర్త జాడ మిగులుతుంది. ‘నాటాము’ అంటే మేము, ‘నాటారు’ అంటే వారు. ‘నాటడం జరిగింది’ అంటే ఆ జాడ కూడా చెరిగిపోతుంది. రేపు మొక్క లేదని అడగడానికి వెళ్తే, అడగవలసిన మనిషి ఆ వాక్యంలో ఉండడు. ఒడియాలోనూ ఇదే ఉంది: ‘పదక్షేప నిఆజాఉఛి’, అంటే చర్య తీసుకోబడుతోంది. ఎవరి చేత అన్నది అక్కడా లేదు.

కాబట్టి తెలుగు, ఒడియా పత్రాలకు ఇంగ్లిషు లేబుళ్లను యథాతథంగా తెచ్చి వేయవద్దని నా సూచన. ‘డం జరిగింది’ ముగింపు, ‘తగు’, ‘అవసరమైన చోట’, ‘సాధ్యమైనంత’, ‘తదితర’ అన్న మాటలను మన భాషలోని గుర్తులుగా విడిగా రాసుకోవాలి. ఇంకొక మాట. ఇంగ్లిషు మూలంలో గట్టి షరతుగా ఉన్నది అనువాదంలో మెత్తబడటం నేను చూశాను. మూలంలో ‘చేసి తీరాలి’ అన్నట్టు ఉన్న చోట అనువాదంలో ‘చేయవచ్చు’ అని ఉండేది. సభలో కూర్చున్న సవర, కోంధు సోదరులకు దానిని మళ్లీ వారి భాషలోకి నోటితో చెప్పేసరికి ఏం మిగిలిందో దేవుడికే తెలియాలి. మూలాన్నీ అనువాదాన్నీ పక్కపక్కన పెట్టి, హామీ బలం ఎక్కడ తగ్గిందో యంత్రం చూపగలిగితే నేను మిగిలిన జీవితమంతా లేబుళ్లు వేయడానికి సిద్ధం.

బరంపురం_విశ్లేషకురాలు

మాస్టారూ, మీ సందేశం చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ‘జరిగింది’ని గుర్తించడానికి పెద్ద మోడల్ కూడా అక్కరలేదు, పదాంతాన్ని చూసే చిన్న నియమం చాలు. మూలాన్నీ అనువాదాన్నీ పోల్చడానికి తెలుగు, ఒడియా రెండూ తెలిసిన మోడళ్లు ఉన్నాయి. గూగుల్ వారి మురిల్ వాటిలో ఒకటి. ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ 2023లో విడుదల చేసిన ఇండిక్‌ట్రాన్స్2 రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలనూ అనువదిస్తుంది. ఒక్క షరతు: అనువాదం చేసే యంత్రమే హామీని మెత్తబరిచే ప్రమాదం ఉంది కనుక ‘తీరాలి’, ‘వచ్చు’ ఉన్న వాక్యాలన్నిటినీ మీరు స్వయంగా చూడాలి.

ఆడిట్ గారికి: మీ సలహా శిరోధార్యం. మార్కులు ఇచ్చే ఆలోచనను పూర్తిగా మానుకుంటున్నాను. చిన్న కంపెనీలను పెద్దవాటితో పోల్చను. ప్రతి కంపెనీనీ దాని నిరుటి మాటతోనే పోలుస్తాను. యంత్రం నుంచి బయటకు వచ్చేది ఒక ప్రశ్నల జాబితా మాత్రమే.

బరంపురం_విశ్లేషకురాలు

రెండు వారాల తర్వాత రాస్తున్నాను. మీరందరూ చెప్పినవి చేర్చి, పేరు చెప్పని ఒక కర్మాగారం మూడేళ్ల నివేదికలను మళ్లీ చదివించాను. నేను, నాగావళి గట్టు గారు విడివిడిగా లేబుళ్లు వేసి పోల్చుకున్నప్పుడు ఒక్క చోట గట్టిగా విభేదించాము. ‘ఘన వ్యర్థాలను శాస్త్రీయంగా నిర్వహిస్తున్నాము’ అన్న అర్థం వచ్చే వాక్యాన్ని నేను డొల్ల అన్నాను. అక్కడ శాస్త్రీయం అంటే అడుగున ప్లాస్టిక్ పొర పరిచిన గుంత అనీ, అది అనుమతి పత్రంలోని షరతేననీ ఆయన చెప్పారు. ఆయనే సరి. ఆ లేబుల్ మార్చాను.

యంత్రం పట్టుకున్నది మరొకటి ఉంది. మొదటి ఏడాది నివేదికలో సున్నపు మడ్డినంతా (కాగితపు గుజ్జు తయారీలో మిగిలే సున్నపు వ్యర్థాన్ని) బట్టీలో తిరిగి కాల్చి సున్నంగా వాడతామని, దానికి ఒక గడువు ఏడాదిని రాశారు. రెండవ ఏడాది అదే పేరా, అదే పేజీలో, గడువు ఏడాది లేకుండా ఉంది. మూడవ ఏడాది ఆ పేరా లేదు. ఆ చోట మొక్కలు నాటుతున్న పిల్లల బొమ్మ ఉంది. నేను ఆ మూడు నివేదికలనూ ఇంతకుముందు స్వయంగా చదివాను. గడువు మాయమవడం నా కంటికి ఆనలేదు.

కోరాపుట్_ఆడిట్

బట్టీ పని పూర్తయిపోయింది కనుక ఇక రాయలేదేమో. అదీ సాధ్యమే. మూడవ ఏడాది వ్యర్థాల పట్టికలో సున్నపు మడ్డి పరిమాణం తగ్గిందా?

బరంపురం_విశ్లేషకురాలు

ఆ ఏడాది నుంచి సున్నపు మడ్డిని విడిగా చూపలేదు. ‘ఇతర ప్రమాదరహిత వ్యర్థాలు’ అన్న వరుసలో కలిపేశారు. ఆ వరుస మొత్తం పెరిగింది. పెరిగినది మడ్డి వల్లనో మరొకదాని వల్లనో ఈ పట్టికతో తేల్చలేము.

నాగావళి_గట్టు

ఫారం 5లో తేలుతుంది. అందులో ఘన వ్యర్థాలను ఉత్పత్తి ప్రక్రియ నుంచి వచ్చినవి, శుద్ధి యంత్రాల నుంచి వచ్చినవి, తిరిగి వాడినవి అని విడగొట్టి రాయాలి. సమాచార హక్కు చట్టం కింద మండలిని అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ప్రశ్న సూటిగా ఉండాలి. ‘కాలుష్య వివరాలు ఇవ్వండి’ అని రాస్తే కట్టలు కట్టలు కాగితాలు వస్తాయి, కావలసినది మాత్రం రాదు.

జయపురం_మాస్టారు

ప్రశ్నను ఒడియాలోకి నేను రాసి పెట్టాను, తెలుగు ప్రతిని ఇక్కడ ఉంచుతున్నాను. అందరూ చూసి సవరించండి. ఇందులో ఎక్కడా ‘జరిగింది’ లేకుండా జాగ్రత్తపడ్డాను.

‘ఫలానా కర్మాగారం గత మూడు ఆర్థిక సంవత్సరాలకు మీ మండలికి సమర్పించిన ఫారం 5 పర్యావరణ ప్రకటనల నకళ్లు ఇవ్వగలరు. ఆ మూడు సంవత్సరాలలో ఒక్కొక్క ఏడాది కర్మాగారం ఎన్ని టన్నుల సున్నపు మడ్డిని ఉత్పత్తి చేసింది, అందులో ఎన్ని టన్నులను బట్టీలో తిరిగి కాల్చింది, ఎన్ని టన్నులను ఏ గ్రామ పరిధిలోని ఏ స్థలంలో పోసింది అన్న వివరాలను ఏడాది వారీగా ఇవ్వగలరు. ఆ స్థలాన్ని మీ మండలి అధికారులు చివరిసారిగా పరిశీలించిన తేదీని, ఆ పరిశీలన నివేదిక నకలును ఇవ్వగలరు.’

గుణుపురం_రైతు

మాస్టారూ, చివరన ఇంకొక్క వాక్యం చేర్చండి. కర్మాగారం ఆ మూడేళ్లలో నాటామని చెప్పిన మొక్కల్లో, రైతులు సొంత డబ్బుతో తమ భూమిలో నాటుకున్నవి ఎన్నో మండలికి తెలిపిందా అని.

జయపురం_మాస్టారు

చేర్చాను. సోమవారం రిజిస్టర్డ్ పోస్టులో పంపి, రసీదు నకలును ఇక్కడ ఉంచుతాను.